స్కాన్ అయిపోయింది, పుస్తకం ఇంకా తెరుచుకోలేదు

మొదటి వారం

ఈ రోజు మూడు హార్డ్ డిస్కులు చేతికొచ్చాయి. గ్రంథాలయం కొన్నేళ్ల కిందట స్కాన్ చేయించిన పాత పుస్తకాలన్నీ వీటిలోనే ఉన్నాయి. స్కానింగ్ అయ్యాక డిస్కులను బీరువాలో పెట్టి తాళం వేశారు. అంతకుముందు ఆ పుస్తకాలు ఉన్నది కూడా ఆ బీరువాలోనే. కాగితం ఫైలయింది గానీ, చదవాలనుకున్న మనిషికి పుస్తకం అప్పుడూ దొరకలేదు, ఇప్పుడూ దొరకడం లేదు.

నేను, గ్రంథాలయాధికారి మేడమ్, ఇద్దరు వాలంటీర్లు. మా పని ఒక్క మాటలో చెప్పాలంటే, చట్టం ఒప్పుకునే ప్రతి పుస్తకాన్నీ లాగిన్ లేకుండా, రుసుము లేకుండా, ఎక్కడివాళ్లయినా చదువుకునేలా, వెతుక్కునేలా, దించుకునేలా పెట్టాలి. ఈ డైరీ ఎందుకంటే, ఇలాంటి డిస్కులు ఇంకా చాలా బీరువాల్లో ఉండి ఉంటాయి. మేము పడ్డ తిప్పలు ఇంకొకరు మొదటినుంచీ పడక్కర్లేదు.

మొదటి రోజు ఒక్క ఫైలు కూడా తెరవలేదు. ముందు ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ తీశాం, అంటే ఫైలులోని డేటా నుంచి కంప్యూటర్ లెక్కగట్టే ఒక సంఖ్య. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య మారిపోతుంది కాబట్టి, కాపీ చేసేటప్పుడు ఏదైనా చెడితే వెంటనే పట్టుకోవచ్చు. ఆ తర్వాత ఒక్కో పుస్తకాన్నీ బ్యాగిట్ పద్ధతిలో మూట కట్టాం. పేరు విని పెద్ద సాఫ్ట్‌వేర్ అనుకోవద్దు. ఒక ఫోల్డరు, అందులో డేటా, పక్కన చెక్‌సమ్‌ల జాబితా ఉన్న మామూలు టెక్స్ట్ ఫైలు, అంతే. 2018లో ఇది ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 8493గా అచ్చయింది. ఇప్పటి ప్రోగ్రాములేవీ లేని రోజున కూడా మనిషి కళ్లతో చదివి అర్థం చేసుకోగలడు. అందుకే నాకు నచ్చింది.

మూడో డిస్కు మధ్యలో ఆగిపోయింది. రెండుసార్లు ప్రయత్నించినా 11 ఫైళ్లు చదవనివ్వలేదు. అదృష్టం కొద్దీ వాటి కాపీలు మొదటి డిస్కులో ఉన్నాయి. ఆ సాయంత్రమే మూడు కాపీలు చేసి, ఒకదాన్ని వేరే భవనంలో పెట్టించాం. ఆ పని అయ్యేదాకా ఎవరం ఇంటికి వెళ్లలేదు.

రెండో వారం

ఫైళ్ల పేర్లు చూస్తే నీరసం వచ్చింది. ఏది తెరిచినా ‘స్కాన్0001’ నుంచే మొదలు. ఫోల్డర్ల పేర్లేమో ‘కొత్తవి’, ‘కొత్తవి2’, ‘ఫైనల్’. ఏ ఫోల్డరు ఏ పుస్తకమో చెప్పే జాబితా స్కాన్ చేసిన ఏజెన్సీ ఇవ్వలేదు, అడగాలని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. కాబట్టి ఒక్కో ఫోల్డరూ తెరిచి, ముఖపత్రం చూసి, గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసే యాక్సెషన్ రిజిస్టర్‌లో ఆ నంబరు వెతికి, ఆ నంబరుతోనే పేరు పెట్టాం. ఫైలు పేరులో పుస్తకం పేరు పెట్టలేదు. పేరు ఎప్పుడైనా దిద్దాల్సి రావచ్చు, నంబరు మారదు.

అసలు కష్టం పేజీల లెక్క దగ్గర వచ్చింది. పేజీలు తప్పిపోయాయా లేదా అని చూడటానికి మొదట ఒక చిట్కా అనుకున్నాం. తెరిచిన పుస్తకంలో బేసి సంఖ్య పేజీ ఎప్పుడూ కుడివైపు ఉంటుంది. వరుసలో ఎక్కడైనా బేసి సంఖ్య ఎడమవైపుకి వచ్చిందంటే ఒక పేజీ పోయినట్టే. ఈ చిట్కాతో ఒక రోజంతా చూసి, ‘అంతా బాగుంది’ అని రాసుకున్నాం కూడా.

మర్నాడు వాలంటీర్లలో చిన్నవాడు ఒక ప్రయాణ వ్యాసాల పుస్తకం చదువుతూ కూర్చున్నాడు. చదవమని మేమెవరం చెప్పలేదు, బాగుందని చదువుతున్నాడు. ఉన్నట్టుండి, “అక్కా, ఈయన పడవ ఎక్కాడు, వెంటనే కొండ మీద ఉన్నాడు, మధ్యలో ఏమైంది?” అన్నాడు. చూస్తే 57 తర్వాత 60 ఉంది. తిప్పేటప్పుడు రెండు ఆకులు కలిసి అతుక్కుపోతే ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు ఒకేసారి పోతాయి. రెండు పోతే బేసి బేసిగానే, సరి సరిగానే ఉంటుంది. మా చిట్కాకి అది కనపడదు. స్కానింగ్‌లో ఎక్కువగా జరిగే పొరపాటూ అదే.

ఇక మళ్లీ మొదటికొచ్చాం. ఈసారి పేజీ మీద అచ్చయిన సంఖ్యను, ఫైలు వరుస సంఖ్యను పక్కపక్కన రాశాం. రెండింటి తేడా పుస్తకమంతటా ఒకేలా ఉండాలి. తేడా ఎక్కడ మారిందో అక్కడ ఆగి చూడాలి. నంబరు లేని బొమ్మల పేజీల దగ్గర కూడా తేడా మారుతుంది కాబట్టి కంప్యూటర్ చూపించిన ప్రతిచోటా మనిషి చూడక తప్పదు. మూడు వారాల పని అని తేలింది. చేశాం.

పేజీలు పోయిన పుస్తకాల్లో చాలావాటికి అసలు ప్రతులు బీరువాలో ఉన్నాయి, ఆ పేజీలు మళ్లీ స్కాన్ చేశాం. ప్రయాణ వ్యాసాల పుస్తకం మాత్రం దొరకలేదు. రిజిస్టర్‌లో ఆ వరుసకి ఎదురుగా ‘శిథిలం, తొలగించడమైనది’ అని ఉంది.

ఐదో వారం

ఈ వారమంతా హక్కుల గురించే.

కాపీరైట్ గడువు దేశాన్ని బట్టి మారుతుంది. రచయిత మరణానంతరం భారతదేశంలో 60 ఏళ్లు, ఐరోపా సమాఖ్యలో 70 ఏళ్లు. అమెరికాలో పాత ప్రచురణలకు అచ్చయిన సంవత్సరం నుంచి 95 ఏళ్ల లెక్క. ఈ మూడు చోట్లా గడువు చివరి ఏడాది ముగిసేదాకా నడుస్తుంది, అందుకే జనవరి 1న ఒక్కసారిగా కొత్త పుస్తకాలు పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా వాడుకోగల అందరి ఆస్తిలోకి, వస్తాయి. ఇంతవరకూ సులువు. రచయిత ఎప్పుడు పోయారో తెలియాలి కదా, అక్కడే చిక్కు. ఒక్కో పేరుకీ గ్రంథాలయాల ఉమ్మడి రచయితల జాబితా వీఐఏఎఫ్ చూశాం, వికీపీడియాకి తోడుగా ఉండే వివరాల గని వికీడేటా చూశాం, తర్వాతి ముద్రణల్లో కుటుంబసభ్యులు రాసిన ముందుమాటలు చూశాం. ఎంత వెతికినా తేలని పేర్లు మిగిలాయి. వాటిని పక్కన పెట్టాం. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదని మొదట్లోనే అనుకున్నాం.

ఒక పుస్తకం దగ్గర దాదాపు తప్పు చేయబోయాం. రచయిత 1938లో పోయారు. హమ్మయ్య అనుకుని ఆకుపచ్చ గుర్తు పెట్టాను. మేడమ్ పుస్తకాన్ని నిదానంగా తిప్పుతూ, “ఈ బొమ్మలు ఎవరివమ్మా?” అన్నారు. ప్రతి అధ్యాయానికీ ఒక నిండు పేజీ బొమ్మ ఉంది, మూలన చిన్న సంతకం. వెతికితే ఆ చిత్రకారుడు 1990 దాకా ఉన్నారు. 60 ఏళ్ల లెక్కన ఆ బొమ్మలు 2051 జనవరి 1 దాకా తెరవడానికి వీల్లేదు. అనువాదకుడు, పీఠిక రాసినవారు, బొమ్మలు వేసినవారు, ఎవరి హక్కు వారిదే. ఆ రోజు నుంచి మా పట్టికలో ‘రచయిత’ అనే ఒక్క గడి పోయి, ‘ఈ పుస్తకంలో చెయ్యి ఉన్న ప్రతి ఒక్కరూ’ అనే వరుస వచ్చింది.

ఆ పుస్తకంలో వచనం తెరిచి, బొమ్మల పేజీలు మూసి పెట్టాం. మూసిన చోట కారణం, తెరుచుకునే సంవత్సరం రాశాం. ఏదో దాచారని పాఠకుడికి అనిపించకూడదు.

ఒక్కో పుస్తకం కింద ఏ మాట రాయాలన్నది మేము కొత్తగా కనిపెట్టలేదు. 2016లో ఐరోపా డిజిటల్ గ్రంథాలయం యూరోపియానా, డిజిటల్ పబ్లిక్ లైబ్రరీ ఆఫ్ అమెరికా కలిసి ఇందుకోసమే రకరకాల హక్కుల ప్రకటనలు తయారు చేశాయి. ‘కాపీరైట్ ఉంది’, ‘ఉందో లేదో తేల్చలేకపోయాం’, ‘ఉంది గానీ హక్కుదారు దొరకలేదు’, ఇలా. గడువు తీరినవాటికి క్రియేటివ్ కామన్స్ వారి పబ్లిక్ డొమైన్ మార్క్. మేము రాసిన మెటాడేటాకి, అంటే పేరు, కర్త, తేదీ లాంటి పుస్తకం వివరాలకి, సీసీ0, అంటే మా హక్కులన్నీ వదులుకున్నట్టు.

ఇవన్నీ కమిటీ ముందు పెట్టినప్పుడు గట్టి చర్చ జరిగింది. అధ్యక్షులు గారు పెద్దాయన, ఈ పుస్తకాలు చెదలపాలు కాకుండా ఏళ్ల తరబడి కాపాడిన మనిషి. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు.

“ఇంత కష్టపడ్డాం కదమ్మా, ప్రతి పేజీ మీదా మన గ్రంథాలయం ముద్ర అడ్డంగా వేస్తే ఏం పోతుంది? రేపెవడో మన స్కాన్‌లు పట్టుకెళ్లి అచ్చేసి అమ్ముకుంటాడు.”

“అమ్ముకోవచ్చండీ. ఆ పుస్తకం ఇప్పుడు అందరిదీ. మనం దాన్ని ఫొటో తీసినంతమాత్రాన మనది కాదు.”

“మరి మనకేం మిగులుతుంది?”

దీనికి నా దగ్గర ఉన్న జవాబంతా చెప్పాను. పబ్లిక్ డొమైన్‌లో ఉన్న చిత్రాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీస్తే కొత్త కాపీరైట్ పుట్టదని 1999లోనే అమెరికా కోర్టు బ్రిడ్జ్‌మన్ కేసులో చెప్పింది. ఐరోపా సమాఖ్య 2019 ఆదేశంలో 14వ అధికరణం దృశ్య కళాకృతుల విషయంలో ఇదే మాట చట్టంగా పెట్టింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2016 జనవరిలో 1,80,000కు పైగా వస్తువులను అనుమతి అడగక్కర్లేకుండా పెద్ద సైజులో దించుకోమంది. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000 చిత్రాలను సీసీ0 కింద వదిలేసింది. బ్రిటిష్ లైబ్రరీ 2013 డిసెంబరులో పాత పుస్తకాల్లోంచి తీసిన 10 లక్షలకు పైగా బొమ్మలను ఫ్లికర్‌లో పెడితే, ఎవరో ఏమీ ఆశించని వాళ్లు కూర్చుని వాటిలో మ్యాపులన్నీ ఏరి గుర్తులు పెట్టారు. సంస్థ సొంతంగా చేయించాలంటే ఏళ్లు పట్టే పని అది.

తర్వాత ప్రింటు తీసిన రెండు పేజీలు ఆయన ముందు పెట్టాను. ఒకటి మామూలుది, ఒకటి అడ్డంగా ముద్ర వేసింది. ముద్ర కింద మూడు పంక్తుల్లో వొత్తులు కనపడటం లేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండో పేజీ చదవబోయారు, రెండు మూడు చోట్ల ఆగారు. పక్కన పెట్టేసి, “సరే, ముద్ర వద్దు. పేరు మాత్రం ఉండాలి” అన్నారు.

పేరు ఉంటుంది. పుస్తకం వివరాల్లో మొదటి వరుసే అది. ఎవరు ఎక్కడ తెరిచినా పుస్తకంతోపాటు వెళ్తుంది.

ఏడో వారం

మెటాడేటా. వివరాలు రాయడానికి వాడిన డబ్లిన్ కోర్ ప్రమాణంలో 15 గడులే, అది చూసి వారంలో అయిపోతుందనుకున్నాం. కర్త పేరు దగ్గరే సగం వారం పోయింది. ఒకే మనిషి ఒక పుస్తకం మీద ఇంటిపేరు మొదటి అక్షరంతో, ఇంకోదాని మీద పూర్తి ఇంటిపేరుతో, మూడోదాని మీద పేరు చివర బిరుదుతో ఉన్నారు. ముఖపత్రం మీద ఎలా ఉందో అలాగే ఒక గడిలో రాసి, వికీడేటా గుర్తింపు సంఖ్యను ఇంకో గడిలో పెట్టాం. పేరు ఎన్ని రకాలుగా ఉన్నా మనిషి ఒక్కరే అని ఆ సంఖ్య చెబుతుంది.

తేదీల సంగతి: కొన్నింటి మీద రోమన్ అంకెలు, కొన్నింటి మీద శాలివాహన శకం, కొన్నింటి మీద అసలేమీ లేదు. ‘సుమారు 1912’ అని మాటల్లో రాస్తే కంప్యూటర్‌కి అర్థం కాదు, ఉత్త 1912 అని రాస్తే అబద్ధం. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 రెండో భాగంలో 2019లో చేరిన ఈడీటీఎఫ్ పద్ధతి ఇక్కడ ఆదుకుంది. సుమారు అయితే ‘1912~’, ఆ దశకంలో ఎప్పుడో తెలియకపోతే ‘191ఎక్స్’. సందేహాన్ని సందేహంగానే రాసుకునే వీలు ఉండటం మంచిది.

ఎనిమిది, తొమ్మిది వారాలు

సేకరణలో నాలుగు భాషల పుస్తకాలున్నాయి. పేజీ బొమ్మను వెతకడానికి వీలైన అక్షరాలుగా మార్చే ఓసీఆర్ పని ఈ రెండు వారాలు. వాడింది టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాం. 2005లో ఓపెన్ సోర్స్ అయింది, 2018లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి న్యూరల్ నెట్‌వర్క్‌తో పంక్తి పంక్తిగా చదువుతుంది. ఇంగ్లిష్ పుస్తకాలు ఒక రాత్రి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి వాడుకునేంత బాగా వచ్చాయి. తెలుగు పుస్తకాల దగ్గర కూర్చోవాల్సి వచ్చింది.

పాత లెటర్‌ప్రెస్ అచ్చులో సిరా అరిగిన చోట ద, ధల మధ్య తేడా కింది గీత, ఆ గీత మాయం. థ, ధల మధ్య తేడా మధ్యలో చుక్క, ఆ చుక్కా మాయం. వొత్తులు కింది పంక్తి తలకట్లకు తగులుతుంటే యంత్రం రెండు పంక్తుల్ని కలిపేస్తుంది. ఇవి ఊహించినవే. ఊహించనిది ఇంకోటి ఎదురైంది.

వెతుకులాట పని చేస్తుందా అని పరీక్షించడానికి ‘ధర్మము’ అని కొట్టాను. నీతి గ్రంథాలు అన్ని ఉన్న సేకరణలో నాలుగంటే నాలుగు పుస్తకాలు చూపించింది. ఒక పుస్తకం తెరిచి ఓసీఆర్ పాఠం చూస్తే అక్కడ ‘ధమ౯ము’ అని ఉంది. అచ్చులోనూ అలాగే ఉంది! అది వలపలగిలక. ముందు పలకాల్సిన ర్‌ని తర్వాతి అక్షరానికి కుడిపక్కన గిలకలా రాసే పాత పద్ధతి. చూడటానికి తెలుగు తొమ్మిదిలా ఉంటుంది. యంత్రం దాన్ని నిజాయితీగా తొమ్మిది అనే చదివింది. ‘కార్యము’ ‘కాయ౯ము’ అయింది, ‘కీర్తి’ ‘కీతి౯’ అయింది. ఒక్క గిలక వల్ల వేల పదాలు వెతికేవాళ్లకి దొరకకుండా పోయాయి.

పాఠాన్ని దిద్దేద్దామా అని అందరం ఆలోచించాం. నేను వద్దన్నాను. ఆ పుస్తకం ఆ కాలంలో అలా అచ్చయింది. లిపి మీద పని చేసేవాళ్లకి ఆ గిలకే ఆధారం. కాబట్టి పాఠం అచ్చులో ఉన్నట్టే ఉంచి, వెతుకులాటకి మాత్రం వెనకాల ఇంకో ప్రతి తయారు చేశాం. ఆ ప్రతిలో అక్షరాన్ని ఆనుకుని తొమ్మిది వస్తే దాన్ని తీసేసి, ఆ అక్షరం ముందు ర్ పెడతాం. పద్యం నంబరు కూడా ఒక్కోసారి ఖాళీ లేకుండా చివరి పదానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి, మార్చిన పదం నిఘంటువు జాబితాలో ఉంటేనే మార్పు నిలుస్తుంది. అరసున్న తీసేస్తాం, అప్పుడు ‘వాఁడు’ కోసం ‘వాడు’ అని కొట్టినా దొరుకుతుంది. ఱ ని ర చేస్తాం, ‘గుఱ్ఱము’ దొరకాలంటే బండి ర కీబోర్డులో ఎక్కడుందో తెలియక్కర్లేదు. పాఠకుడు కొట్టిన మాటకీ ఇదే మార్పు చేసి, రెండూ పోల్చి చూస్తాం. కనపడని జీరో విడ్త్ అక్షరాలు కూడా తీసేయాలి, లేకపోతే కంటికి ఒకేలా ఉన్న రెండు పదాలు కంప్యూటర్‌కి వేరువేరు.

మళ్లీ ‘ధర్మము’ కొట్టాం. ఫలితాలు పేజీలకు పేజీలు వచ్చాయి. మేడమ్ కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు.

నాణ్యత ఎంతో తెలియాలని వేర్వేరు పుస్తకాల్లోంచి 20 పేజీలు చేత్తో టైపు చేసి ఓసీఆర్‌తో పోల్చాం. బాగా చెడిపోయినవాటికి ‘యంత్రం చదివిన పాఠం, తప్పులుంటాయి’ అని పైన రాశాం. దిద్దే పనికి, పాత పుస్తకాలను వాలంటీర్లు ఎక్కించే వికీసోర్స్ సైట్ పద్ధతి నచ్చింది, పక్కన పేజీ బొమ్మ, ఇటు పాఠం, ఒకరు దిద్దితే ఇంకొకరు సరిచూస్తారు. 2000లో మొదలైన డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ కూడా ఒక మనిషికి ఒక పేజీ చొప్పున పంచుకుంటూనే వేల పుస్తకాలు పూర్తి చేసింది. పుస్తకం మొత్తం దిద్దమంటే ఎవరూ రారు, ఒక పేజీ అంటే వస్తారు.

పన్నెండో వారం

ఇక పేజీలు చూపించడం. 6 అంగుళాలు, 9 అంగుళాల పేజీని 400 డీపీఐలో స్కాన్ చేస్తే 2400 బై 3600 పిక్సెళ్లు, కుదించని టిఫ్ ఫైలు దాదాపు 26 మెగాబైట్లు. 300 పేజీల పుస్తకం 8 గిగాబైట్లకు దగ్గర. దీన్ని ఫోనులో ఎవరు తెరుస్తారు? పీడీఎఫ్ చేసి కుదిస్తే తెరుచుకుంటుంది, కానీ అంచున పెన్సిల్‌తో రాసిన పాత రాతలు అలుక్కుపోతాయి.

అందుకే ట్రిపుల్ ఐ ఎఫ్ తీసుకున్నాం. 2011 ప్రాంతంలో కొన్ని పెద్ద గ్రంథాలయాలు, ‘ఎవరి బొమ్మలు వాళ్ల వ్యూయర్‌లోనే ఎందుకు బందీ కావాలి’ అని కూర్చుని మాట్లాడుకుంటే పుట్టిన ప్రమాణం ఇది. దీంట్లో ప్రతి పేజీకి ఒక చిరునామా ఉంటుంది, ఆ చిరునామాలోనే ఏ ముక్క కావాలి, ఎంత సైజు, ఎంత తిప్పాలి, రంగులో కావాలా, ఏ ఫార్మాట్ అని వరుసగా అడగొచ్చు. టిఫ్‌ని పిరమిడ్‌లా చిన్నా పెద్దా పొరలుగా, పలకలుగా కోసి పెడితే, పాఠకుడు అంచు రాత మీద జూమ్ చేసినప్పుడు సర్వర్ ఆ నాలుగు పలకలే పంపుతుంది. పుస్తకం మొత్తం వరుస, వివరాలు, హక్కుల మాట మానిఫెస్ట్ అనే ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు చిరునామా ఇస్తే చాలు, మిరడార్, యూనివర్సల్ వ్యూయర్ లాంటి బయటి వ్యూయర్లలో మా పుస్తకాన్ని ఇంకో గ్రంథాలయం పుస్తకం పక్కన పెట్టి చదవొచ్చు.

మా సైట్‌లో చక్కగా తెరుచుకున్న మానిఫెస్ట్ బయటి వ్యూయర్‌లో తెరుచుకోలేదు. రోజున్నర తల పట్టుకున్నాం. సర్వర్ జవాబులో వేరే సైట్లకి అనుమతిచ్చే సీఓఆర్‌ఎస్ హెడర్ లేదు. ఒక్క వరుస. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ముందు దీన్ని చూసుకోండి.

ప్రయాణ వ్యాసాల పుస్తకంలో 58, 59 పేజీల స్థానంలో రెండు ఖాళీ కాన్వాసులు, అంటే బొమ్మ లేని పేజీ చట్రాలు, పెట్టాం. మానిఫెస్ట్‌లో అలా పెట్టనిస్తారు. మీద ‘ఈ పేజీలు మా స్కాన్‌లో లేవు. మూల ప్రతి ఇప్పుడు మా దగ్గర లేదు’ అని ఉంటుంది. 57 తర్వాత 60 అంటించేసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదేమో. కానీ ఆ చిన్నవాడిలా కథలో మునిగి చదివేవాళ్లకి తెలుస్తుంది.

శాశ్వత చిరునామాల కోసం ఏఆర్‌కే అనే గుర్తింపు పద్ధతి తీసుకున్నాం. 2001 నుంచి ఉన్న పద్ధతి, సంస్థకిచ్చే నంబరు ఉచితం. సైట్ మారినా, సాఫ్ట్‌వేర్ మారినా పుస్తకం చిరునామా ఇదే ఉండాలి, పరిశోధకులు వ్యాసాల కింద రాసుకునేది దాన్నే.

పద్నాలుగో వారం

సైట్ అందరికీ తెరిచాం. ప్రకటనలేమీ లేవు, నలుగురికి చెప్పాం, వాళ్లు ఇంకో నలుగురికి చెప్పారు.

చూపులేని పాఠకుడు ఒకరు స్క్రీన్ రీడర్‌తో వాడి చూస్తానన్నారు. నేను పక్కనే కూర్చున్నాను. పాఠం ఉన్న పేజీ మీదకి వెళ్తే స్క్రీన్ రీడర్ ఏమీ పలకలేదు. మళ్లీ ప్రయత్నిస్తే విరామ చిహ్నాలు మాత్రం పలికింది. కారణం ఏమిటంటే, పేజీలో భాష ఇంగ్లిష్ అని ఉంది, టెంప్లేట్‌లో ఉన్నది ఎవరమూ మార్చలేదు. దాంతో ఇంగ్లిష్ గొంతు తెలుగు అక్షరాలను దాటేసింది. భాషను తెలుగు అని సరిచేశాను. ఆయన మళ్లీ మొదటి పంక్తికి వెళ్లారు. ఈసారి చదివింది. ఆయన ఆపమనలేదు, అలా రెండు పేజీలు విన్నారు. తర్వాత, “ఓసీఆర్ తప్పులున్నా పర్లేదండీ, అర్థమవుతోంది. ఇన్నాళ్లూ ఎవరైనా చదివి పెడితే తప్ప ఈ పుస్తకం నాకు లేదు” అన్నారు. ఆ రాత్రే మిగతా మూడు భాషల పుస్తకాలకీ భాష గుర్తులు సరిచేశాం, ఒకే పుస్తకంలో రెండు భాషలుంటే పేరా పేరాకీ.

పదహారో వారం

పొద్దున్నే సైట్ పడిపోయింది. సర్వర్ చిట్టా చూస్తే పాఠకులు కాదు, బాట్లు, అంటే తమంతట తామే పేజీలు లాగే ప్రోగ్రాములు. వేరువేరు చిరునామాల నుంచి వచ్చి ప్రతి పేజీనీ ప్రతి సైజులో అడుగుతున్నాయి. ఈ మధ్య చాలా గ్రంథాలయాలకీ ఆర్కైవ్‌లకీ ఈ బెడద ఉంది. ఏఐ మోడళ్ల కోసం డేటా ఏరే బాట్లు చిన్న సర్వర్లని కూలదోస్తున్నాయి.

సాంకేతిక సాయం చేసే మిత్రుడు లాగిన్ పెట్టేయమన్నాడు. సులువైన దారే. కానీ లాగిన్ పెడితే మేము తీసిన తాళం మళ్లీ మా చేత్తోనే వేసినట్టు. రెండు రోజులు కూర్చుని వేరే దారి వెతికాం. ఎక్కువగా అడిగే సైజులను ముందే తయారు చేసి, వెంటనే ఇచ్చేలా సర్వర్‌లో దాచి పెట్టాం. ఒక్కో చిరునామాకి నిమిషానికి ఇన్ని అని పరిమితి పెట్టాం. మొత్తం సేకరణ కావాలనుకునేవాళ్లకి పుస్తకానికొక జిప్ మూట, అన్ని మూటల జాబితా ఒక్కచోట పెట్టాం. వివరాలు మాత్రమే కావాలనుకునే సంస్థలకి ఓఏఐ-పీఎంహెచ్ దారి తెరిచాం, 2001 నుంచి గ్రంథాలయాలు కేటలాగులు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అది. ఇప్పుడు సైట్ నిలబడింది. కొంచెం నెమ్మది. పరిమితి ఇంకా సర్దుబాటు చేయాలి, ఒక కాలేజీ ల్యాబ్‌లో అందరూ ఒకే చిరునామా మీద ఉంటే పిల్లలకి పేజీలు ఆగిపోతున్నాయి.

పద్దెనిమిదో వారం

ఇవాళ ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. తన దగ్గర ఆ ప్రయాణ వ్యాసాల పుస్తకం ఉందట. 58, 59 పేజీలు ఫొటోలు తీసి జత చేశారు. అందరం కుర్చీలు లాక్కుని ఒకే తెర చుట్టూ కూర్చున్నాం.

మా 57వ పేజీ చివరి వాక్యం సగంలో ఆగుతుంది. ఆయన పంపిన 58 మొదటి వాక్యం దానికి కలవడం లేదు. ఇంకోసారి చూస్తే అక్షరాల సైజు కూడా వేరు. ఆయన్ని అడిగి ముఖపత్రం ఫొటో తెప్పించాం. అది రెండో ముద్రణ. పడవ ప్రయాణం ఉంది, కానీ మా 60వ పేజీలో ఉన్న రెండు పంక్తులు వాళ్ల 59లోనే వచ్చేశాయి. మధ్యలో ఒక పేరా రచయిత తిరగరాసినట్టుంది. మొదటి ముద్రణలో ఏముందో ఇది చెప్పదు.

మా ఖాళీ కాన్వాసుల్ని నింపలేదు. పక్కన ఒక గమనిక పెట్టి, ఆయన ఫొటోలను ‘రెండో ముద్రణలో ఈ భాగం’ అని వేరుగా జత చేశాం. ఆ పుస్తకం మొత్తం స్కాన్ చేయడానికి ఇస్తారా అని అడిగాను. ఇస్తానన్నారు, ఆకులు పెళుసుగా ఉన్నాయి, జాగ్రత్త అన్నారు. 180 డిగ్రీలు తెరవకుండా వీ ఆకారపు తొట్టిలో పెట్టి పైనుంచి తీయాలి. తొట్టి ఎవరి దగ్గరుందో మేడమ్ కనుక్కుంటున్నారు. చిన్నవాడు మాత్రం ఇవాళ ఓసీఆర్ దిద్దే పని పక్కన పెట్టి ఆ రెండు ఫొటోలూ చదివేశాడు. “పడవ తిరగబడలేదక్కా, గాలివాన వచ్చి లంకలో ఆగారు” అని చెప్పి వెళ్లాడు.